మందు పాతది, మాత్ర క్రొత్తది

డాక్టరు వ్రాసియిచ్చిన చీటీ పట్టుకొని మందుల దుకాణానికి వెళ్ళినవారికి తరచుగా ఒక అనుభవం ఎదురవుతుంది. మందు పేరు ఒక్కటే; కాని దుకాణంలో దానికి రెండు రకాల మాత్రలు ఉంటాయి. ఒకదాని అట్టమీద మందు పేరు మాత్రమే అచ్చువేసి ఉంటుంది. రెండవదానిమీద ఆ పేరు చివర ఎక్స్.ఆర్. అనో, ఎస్.ఆర్. అనో, ఎక్స్.ఎల్. అనో రెండక్షరాలు అదనంగా ఉంటాయి. మొదటిదానిని రోజుకు రెండు మూడు సార్లు వేసుకోవాలి. రెండవది ఒక్కసారి వేసుకుంటే చాలును. వెల మాత్రం రెండవదానికే సాధారణంగా ఎక్కువ. ఆ రెండక్షరాలలో ఏమున్నది? ఆ అదనపు వెల మనం దేనికి చెల్లిస్తున్నాము? ఈ ప్రశ్నలకు సమాధానం కొంత వైద్యశాస్త్రంలోను, కొంత న్యాయశాస్త్రంలోను ఉన్నది. ఈ రెండు శాస్త్రాలూ కలుసుకొనే చోట పేటెంటు ఉన్నది.

పేటెంటు అనగా ప్రభుత్వానికి, క్రొత్త విషయం కనిపెట్టినవానికి మధ్య జరిగే ఒక ఒడంబడిక. కనిపెట్టినవాడు తన విద్యను రహస్యంగా దాచుకొనకుండా, ఆ రంగంలో ప్రవేశమున్న మరొకరు చదివి తిరిగి చేయగలిగినంత వివరంగా లోకానికి వెల్లడించాలి. దానికి ప్రతిఫలంగా, ఒక నియమిత కాలం వరకు తన అనుమతి లేకుండా ఇతరులు ఆ వస్తువును తయారు చేయకుండా, అమ్మకుండా ఆపగలిగే హక్కును ప్రభుత్వం ఆతనికి ఇస్తుంది. నేడు మన దేశంలోను, ఇంగ్లండు అమెరికాలలోను ఆ గడువు సామాన్యంగా దరఖాస్తు పెట్టిననాటినుంచి 20 సంవత్సరాలు. గడువు తీరిన తరువాత ఆ విద్య అందరి సొత్తు. అప్పుడు ఇతర కంపెనీలు అదే మందును తయారు చేస్తాయి. పోటీ పెరిగి వెల తగ్గుతుంది. ఇట్లా వచ్చే మందులనే జనరిక్ మందులు అంటున్నాము.

ఇక్కడ ఒక సూక్ష్మమైన విషయం గమనించాలి. మందు అనే రసాయన పదార్థానికి ఒక పేటెంటు ఉండవచ్చు. ఆ పదార్థాన్ని శరీరంలో నెమ్మదిగా విడుదల చేసే మాత్ర నిర్మాణానికి మరొక పేటెంటు ఉండవచ్చు. ఈ రెండవ పేటెంటుకు దరఖాస్తు పది పన్నెండేళ్ళు ఆలస్యంగా పెడితే, దాని గడువు కూడా అంత ఆలస్యంగానే తీరుతుంది. మందు పాతబడిపోయినా మాత్ర క్రొత్తదిగానే ఉంటుంది. ఇది న్యాయమైన ప్రతిఫలమా, లేక గడువు తీరిన హక్కును మరొక ద్వారం గుండా పొడిగించుకొనడమా? ఈ తగవు ప్రపంచంలోని అనేక న్యాయస్థానాలలో సాగినది, సాగుతూనే ఉన్నది.

తగవును అర్థం చేసుకొనడానికి ముందు ఆ మాత్రలోని విద్యను కొంత తెలుసుకోవాలి. మామూలు మాత్ర కడుపులో త్వరగా కరిగిపోతుంది. మందు ఒక్కసారిగా రక్తంలోనికి చేరి, కెరటంలాగా లేచి, కొన్ని గంటలలో పడిపోతుంది. కెరటం పైన ఉన్నంతసేపు వికారం, తలతిరుగుడు వంటి బాధలు కలగవచ్చు. అది పడిపోయిన తరువాత, తిరిగి మాత్ర వేసుకొనేవరకు రోగికి రక్షణ ఉండదు. చెరువు కట్టకు గండి కొట్టి నీరు వదిలితే పైరు కొట్టుకొనిపోతుంది. ఆ తరువాత ఎండిపోతుంది. అదే నీటిని తూము ద్వారా కొలిచి వదిలితే పంట పండుతుంది. దీర్ఘకాల విడుదల మాత్ర అంటే మందుకు తూము కట్టడమే.

ఈ తూములలో మొదట ప్రసిద్ధికెక్కినది అమెరికాలో స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ కంపెనీ 1952లో అమ్మకానికి తెచ్చిన స్పాన్స్యూల్. ఒక గొట్టపు మాత్రలో వందలకొలది చిన్న గుళికలు ఉంటాయి. వాటికి మైనం వంటి పదార్థంతో వేరు వేరు మందాలలో పూత పూస్తారు. పలుచని పూత గుళికలు ముందుగాను, దళసరి పూత గుళికలు ఆలస్యంగాను కరిగి, మందు గంటల తరబడి అందుతూ ఉంటుంది. తరువాత మరొక పద్ధతి వాడుకలోనికి వచ్చినది. నీరు తగిలినప్పుడు ఉబ్బి జిగురుగా మారే పదార్థంలో మందును కలిపి మాత్ర చేస్తారు. ఆ జిగురు పొర దాటుకొని మందు నెమ్మదిగా బయటికి వస్తుంది.

అన్నిటికంటె చమత్కారమైనది కాలిఫోర్నియాలోని ఆల్జా కంపెనీలో పుట్టినది. ఈ కంపెనీని 1968లో అలహాండ్రో జాఫరోని అనే శాస్త్రజ్ఞుడు స్థాపించినాడు. మందును కనిపెట్టడం కంటె మందును శరీరానికి అందించే మార్గాన్ని కనిపెట్టడమే ఆ సంస్థ ముఖ్యాశయం. అక్కడ పనిచేసిన ఫెలిక్స్ థీయూస్, ఆచార్య టకేరు హిగుచి అనేవారు కనిపెట్టిన ద్రవాభిసరణ మాత్రకు 1974లో అమెరికాలో పేటెంటు లభించినది. ఎండు ద్రాక్షను నీటిలో వేస్తే దాని తొక్క గుండా నీరు లోనికి పోయి ఉబ్బడం మన వంటయింట్లో ఎరిగిన విషయమే. ఆ మాత్ర పొర కూడా అటువంటిదే. నీటిని లోనికి రానిస్తుంది. మందును బయటికి పోనివ్వదు. లోపల ఒత్తిడి పెరుగుతుంది. పొరకు ఒక సన్నని రంధ్రం ఉంటుంది. తరువాతి కాలంలో దానిని లేసర్ కిరణంతో చేయసాగినారు. మందు ఆ రంధ్రం గుండా, లెక్క తప్పకుండా, కొంచెం కొంచెంగా బయటికి వస్తుంది. పని ముగిసిన తరువాత ఖాళీ పెంకు మలంతో బయటికి పోతుంది. కొందరు రోగులు దానిని చూచి మాత్ర కరగలేదని భయపడడం కూడా కలదు.

ఇటువంటి విద్యలో నిజమైన ప్రయోజనం లేదనడం అన్యాయం. గుండెనొప్పికి వాడే నిఫెడిపిన్ అనే మందు మొదట త్వరగా పనిచేసే గొట్టపు మాత్రగా వచ్చినది. అది రక్తపు పోటును హఠాత్తుగా దించి, గుండె వేగాన్ని పెంచేది. అటువంటి వాడకంపై 1990 దశకం మధ్యలో వైద్య పత్రికలలో తీవ్రమైన హెచ్చరికలు వెలువడినవి. కాగా 1989లో అమెరికాలో అనుమతి పొందిన ద్రవాభిసరణ మాత్ర వలన అదే మందును రోజుకొక్కసారి, హెచ్చుతగ్గులు లేకుండా ఇవ్వడం సాధ్యమైనది. మెటోప్రోలాల్ అనే మరొక మందు విషయం ఇంకా స్పష్టమైనది. గుండె బలహీనతతో బాధపడే 3,991 మంది రోగులలో దాని దీర్ఘకాల విడుదల మాత్రను పరీక్షించి 1999లో ఫలితాలు ప్రకటించినారు. ఉత్తుత్తి మాత్ర వేసుకొన్నవారితో పోల్చితే, ఈ మాత్ర వేసుకొన్నవారిలో మరణాలు 34 శాతం తక్కువగా ఉన్నవి. ఆ పరీక్ష జరిగినది దీర్ఘకాల విడుదల మాత్రతోనే కనుక, గుండె బలహీనతకు ఆ రూపాన్నే డాక్టర్లు ప్రత్యేకంగా పేర్కొంటారు.

అయితే క్రొత్త మాత్ర అన్నంతమాత్రాన మంచిదని కూడా అనరాదు. ఇండోమెథసిన్ అనే కీళ్ళ నొప్పుల మందును ద్రవాభిసరణ మాత్రగా చేసి, ఆస్మోసిన్ అనే పేరుతో 1982 చివర బ్రిటనులో అమ్మకానికి తెచ్చినారు. కొందరు రోగులకు ప్రేగులలో రంధ్రాలు పడినవి. మాత్ర ప్రేగులలో ఒకచోట నిలిచిపోయి, ఆ స్థలంలోనే గాఢమైన మందును వదలడం కారణంగా భావించినారు. 1983లోనే ఆ మాత్రను ఉపసంహరించినారు. పాత మందైనా క్రొత్త త్రోవన పంపితే క్రొత్త మందుతో సమానంగానే పరీక్షించాలని ఈ ఉదంతం నేర్పినది.

ఇప్పుడు తగవులోనికి వద్దాము. వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి నశించే ఆల్జైమర్ వ్యాధికి మెమంటీన్ అనే మందు ఉన్నది. అమెరికాలో నమెండా అనే పేరుతో రోజుకు రెండుసార్లు వేసుకొనే మాత్రగా ఇది వాడుకలో ఉండేది. దానిపై కంపెనీకి గల ప్రత్యేక హక్కు 2015 మధ్యలో తీరిపోవలసి ఉన్నది. ఈలోగా అదే మందును రోజుకొక్కసారి వేసుకొనే దీర్ఘకాల విడుదల రూపంలో ఆ కంపెనీ తెచ్చినది. క్రొత్త రూపానికి గల పేటెంట్లు 2029 వరకు నడిచేవి. క్రొత్తది తెచ్చినంతవరకు ఆక్షేపణ లేదు. కాని 2014 ఫిబ్రవరిలో, పాత మాత్రల అమ్మకం త్వరలోనే నిలిపివేస్తామని ఆ కంపెనీ ప్రకటించినది. జనరిక్ మాత్రలు ఇంకా అంగడికి రాలేదు. పాత మాత్ర దొరకకపోతే రోగులందరూ క్రొత్తదానికి మారక తప్పదు.

ఇందులోని కిటుకు ఏమిటంటే, డాక్టరు ఒక మందు వ్రాసినప్పుడు దానికి అన్ని విధాల సమానమైన జనరిక్ మందును మాత్రమే అక్కడి దుకాణదారు బదులుగా ఇవ్వవచ్చు. రోజుకు రెండుసార్లు వేసుకొనే మాత్ర, రోజుకొక్కసారి మాత్రకు సమానం కాదు. అందువలన 2015లో చవుకైన జనరిక్ మాత్రలు వచ్చేనాటికి వాటిని అడిగే చీటీలే ఉండవు. మతిమరపుతో బాధపడే వృద్ధులను ఒకసారి ఒక అలవాటునుంచి మరొక అలవాటుకు మార్చిన తరువాత, తిరిగి వెనుకకు మార్చడానికి కుటుంబంవారు గాని డాక్టర్లు గాని సాహసించరు. ఆ నిస్సహాయతే ఇక్కడ వ్యాపారానికి ఆధారమైనది.

న్యూయార్కు రాష్ట్ర ప్రభుత్వం 2014 సెప్టెంబరులో దావా వేసినది. రోజుకొక్క మాత్ర రోగులకు, వారికి సేవ చేసేవారికి సౌకర్యమని, పేటెంటు తమ చట్టబద్ధమైన హక్కని, పాత సరుకును ఎల్లకాలం అమ్మవలసిన విధి తమకు లేదని కంపెనీవారు వాదించినారు. ఆ వాదంలో కొంత బలం లేకపోలేదు. అయినా న్యాయస్థానం ఆ సంవత్సరం డిసెంబరులో, పాత మాత్రను అమ్ముతూనే ఉండాలని ఆజ్ఞాపించినది. 2015 మే నెలలో పై న్యాయస్థానం దానిని స్థిరపరచినది. క్రొత్త మాత్ర గుణాన్ని చెప్పి రోగిని ఒప్పించడం వేరు. పాతదానిని అందకుండా చేసి నిర్బంధించడం వేరు. ఆ తీర్పు సారాంశం ఇదే.

మంచి మాత్ర అయినంతమాత్రాన దాని పేటెంటు నిలుస్తుందని కూడా లేదు. ఇంతకుముందు చెప్పిన మెటోప్రోలాల్ మాత్ర ప్రాణాలు కాపాడినది, నిజమే. కాని ఆ మాత్రలో వాడిన లవణంపై పేటెంటు చెల్లదని అమెరికా న్యాయస్థానం 2006లో నిర్ణయించగా, 2007లో అప్పీలు న్యాయస్థానం ఆ భాగాన్ని ఖాయపరచినది. ఆ లవణంతో కూడిన మిశ్రమానికి ముందే ఒక పేటెంటు పుట్టి ఉన్నది. ఒకే కల్పనకు రెండు పేటెంట్లు పొంది గడువు పెంచుకొనరాదని వారి న్యాయం. అనగా రోగికి మేలు చేసినదా అనేది ఒక ప్రశ్న. నిజంగా క్రొత్తగా కనిపెట్టినదా అనేది మరొక ప్రశ్న. రెండిటిని కలిపివేయరాదు.

రెండవ ప్రశ్నకు సమాధానం ఎంత కష్టమో మరొక ఉదాహరణ చూపుతుంది. మానసిక వ్యాధులకు వాడే క్వెటియాపిన్ అనే మందును జిగురుగా ఉబ్బే పదార్థంతో కలిపి చేసిన దీర్ఘకాల విడుదల మాత్రపై 2012 మార్చిలో రెండు తీర్పులు వచ్చినవి. ఆ విద్య తెలిసినవానికి తట్టని విషయం ఇందులో ఏదీ లేదని లండన్ హైకోర్టు పేటెంటును కొట్టివేసినది. అదే నెలలో అమెరికాలోని న్యూజెర్సీ న్యాయస్థానం, ఆ మందుకు ఆ రూపం ముందుగా ఎవరికీ స్పష్టంగా తోచేది కాదని పేటెంటును నిలబెట్టినది. మాత్ర ఒక్కటే. ఒక తీరాన అది అందరి సొత్తు అయినది. మరొక తీరాన ఒకరి సొత్తుగా ఉండిపోయినది.

ఇక మన దేశం సంగతి. మన పేటెంటు చట్టం ఎట్లా ఉండాలో పరిశీలించి న్యాయమూర్తి రాజగోపాల అయ్యంగార్ 1959లో ఒక నివేదిక సమర్పించినారు. దాని ఆధారంగా 1970లో చేసిన చట్టం 1972 ఏప్రిల్ 20 నుంచి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారం మందుకు పేటెంటు లేదు. మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉన్నది. ఆ గడువు కూడా 7 సంవత్సరాలకు మించదు. ఒకే మందును వేరొక పద్ధతిలో చేయగలవారికి త్రోవ తెరచుకొన్నది. హైదరాబాదు నగరం ఔషధ పరిశ్రమకు పేరుమోయడానికి ఆ చట్టం ఒక ముఖ్య కారణం. సోవియట్ సహాయంతో అక్కడ వెలసిన ప్రభుత్వ ఔషధ కర్మాగారం మరొక కారణం. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డిగారే 1984లో డాక్టర్ రెడ్డీస్ సంస్థను స్థాపించినారు.

ప్రపంచ వాణిజ్య ఒప్పందాలననుసరించి 2005 జనవరి 1 నుంచి మన దేశంలో మందు పదార్థానికి కూడా 20 సంవత్సరాల పేటెంటు వచ్చినది. కాని ఆ సవరణలోనే పార్లమెంటు ఒక కాపలాను కూడా నిలిపినది. మూడవ సెక్షనులోని డి ఉపవిభాగం ప్రకారం, ఇదివరకు తెలిసిన పదార్థానికి క్రొత్త రూపం కల్పించినంతమాత్రాన పేటెంటు రాదు. ఆ రూపం వలన గుణం గణనీయంగా పెరిగినదని చూపాలి. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కంపెనీ క్యాన్సర్ మందు గ్లివెక్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దీనికి భాష్యం చెప్పినది. అది దీర్ఘకాల విడుదల మాత్ర కాదు. ఒక లవణపు స్ఫటిక రూపం. కాని సూత్రం మన విషయానికి కూడా దారి చూపుతుంది. మందు విషయంలో గుణమంటే వ్యాధిని నయంచేసే గుణమే. మందు రక్తంలోనికి ఎక్కువగా చేరుతున్నదని చెప్పడం మాత్రం చాలదు. దాని వలన చికిత్సలో మేలు పెరిగినదని ఆధారాలతో నిరూపించాలి.

ఇంతమాత్రాన తూము కట్టే విద్య సులభమని, ఎవరైనా అనుకరించవచ్చునని భావించరాదు. బుప్రోపియాన్ అనే మానసిక వ్యాధి మందుకు ఒక జనరిక్ దీర్ఘకాల విడుదల మాత్ర అమెరికాలో 2006 నుంచి అమ్మకంలో ఉండేది. తక్కువ మోతాదు మాత్రను పరీక్షించి, ఆ ఫలితాన్నిబట్టి 300 మిల్లీగ్రాముల మాత్రకు కూడా అనుమతి ఇచ్చినారు. మందు పనిచేయడంలేదని రోగులు మొరపెట్టినారు. చివరకు ఆ మోతాదునే పరీక్షించగా, అది అసలు మాత్రకు సమానం కాదని తేలినది. 2012 అక్టోబరులో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ దాని అమ్మకాన్ని నిలిపించినది. నేడు హైదరాబాదు కంపెనీలు ఇటువంటి మాత్రలను చేసి విదేశాలకు పంపుతున్నవి. ఒకచోట పరుల పేటెంట్లను ప్రశ్నిస్తూ, మరొకచోట తమ స్వంత విధానాలకు పేటెంట్లు కోరుతున్నవి. కనుక ఈ తగవులో మనవారు ఒకే పక్షాన ఉన్నారని చెప్పడానికి వీలులేదు.

మరి న్యాయమైన కొలబద్ద ఏది? నా అభిప్రాయంలో ప్రతి క్రొత్త మాత్రను మూడు ప్రశ్నలు అడగాలి. దాని నిర్మాణంలో ఇతరులకు సులువుగా తోచని కల్పన ఉన్నదా? దాని వలన రోగికి కొలవదగిన మేలు కలిగినదా? అది వచ్చిన తరువాత కూడా పాత మాత్ర అంగడిలో దొరుకుతున్నదా? మూడింటికీ అవునని సమాధానం వస్తే ఆ కంపెనీ కోరే ప్రతిఫలాన్ని ఇవ్వడంలో తప్పులేదు. తూము కట్టినవానికి కూలి ఇవ్వవలసినదే. అంతేకాని చెరువంతా ఆతని పేర వ్రాసి ఇవ్వనక్కరలేదు.

తీర్పులు చెప్పడం న్యాయమూర్తుల పని. కాని ఇంటిలో మందులు వాడుకొనేవారు జ్ఞాపకం ఉంచుకోవలసినవి కొన్ని ఉన్నవి. దీర్ఘకాల విడుదల మాత్రను నమలరాదు, నూరరాదు, నీటిలో కరిగించి పిల్లలకో వృద్ధులకో పట్టరాదు. అట్లా చేస్తే తూము పగిలి, రోజంతటికీ సరిపోయే మందు ఒక్క గంటలో శరీరంలోనికి పోతుంది. కొన్ని మందుల విషయంలో అది ప్రాణాపాయం. కొన్ని మాత్రలను మధ్య గీత వెంట సగానికి విరవవచ్చు. అది కూడా డాక్టరు చెప్పితేనే. మింగడం కష్టమైనవారు ఆ సంగతి ముందుగానే చెప్పాలి. వెల ఎక్కువైనదని ఒక రకంనుంచి మరొక రకానికి ఎవరంతటవారు మారరాదు. ఆ రెండక్షరాల మాత్ర నాకు తప్పనిసరియా, మామూలు మాత్రతో సరిపోతుందా అని డాక్టరును అడగడంలో సంకోచం అక్కరలేదు. కొందరి విషయంలో తప్పనిసరి అనే సమాధానం వస్తుంది. కొందరి విషయంలో అక్కరలేదనే సమాధానం వస్తుంది. ఏది వచ్చినా, చెల్లించే వెల దేనికో తెలిసి చెల్లించినవారమవుతాము.